మోడల్ విమానం పెట్రోలు ఇంజను: గోదావరి డెల్టాలో నడిపేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి జవాబులు 20 సీసీ నుంచి 60 సీసీ దాకా ఉండే సింగిల్ సిలిండర్ టూ-స్ట్రోక్ ఇంజన్ల గురించి. అంటే డయాఫ్రం (ఇంధనాన్ని లాగి, కొలిచి పంపే పల్చటి పొర) ఉండే కార్బురేటర్, బ్యాటరీతో నడిచే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్నవి. ఇంజను ఏ దేశంలో తయారైనా మన దగ్గర దాన్ని పాడుచేసేది ముఖ్యంగా తేమే. పెట్రోల్లో కలిసిన ఇథనాల్ పీల్చుకునే నీరు, సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలి, విమానం పడితే ఎదురయ్యే చెరువో కాలువో, అన్నీ ఆ ఖాతాలోవే. అందుకే చాలా జవాబులు తిరిగి తిరిగి నీటి దగ్గరికే వస్తాయి. మీ ఇంజనుతో వచ్చిన పుస్తకంలో అంకె వేరుగా ఉంటే ఆ పుస్తకం మాటే వినండి.

గ్లో ఇంజన్లు (స్పార్క్ లేకుండా, ఎర్రగా కాలే ప్లగ్గుతో నడిచేవి) చాలాకాలం నడిపాను. పెట్రోలు ఇంజనుకు కొత్తగా నేర్చుకోవాల్సింది ఏముంది?

ముందుగా ఇగ్నిషన్ స్విచ్చుకు భయపడటం నేర్చుకోవాలి. గ్లో ఇంజనులో ప్లగ్గు మీది క్లిప్పు తీసి, ఇంజను చల్లబడిందంటే ప్రొపెల్లర్ దాదాపు చచ్చినట్టే. పెట్రోలు ఇంజనులో ఇగ్నిషన్ ఆన్‌లో ఉండి, సిలిండర్లో కాస్త ఆవిరి మిగిలి ఉంటే, శుభ్రం చేస్తూ చేత్తో ప్రొపెల్లర్ మెల్లగా తిప్పినా చాలు. హబ్బులోని అయస్కాంతం సెన్సర్ ముందు నుంచి జరగ్గానే స్పార్క్ పడుతుంది. ఇంజను ఆగి ఉన్నప్పుడు కూడా వేళ్లు పోతాయి.

రెండోది బరువు. 30 సీసీ ఇంజను మీద ఉండే 18, 19 అంగుళాల ప్రొపెల్లర్‌కు ఒకసారి తిరగడం మొదలుపెట్టాక ఊపు బాగా ఎక్కువ, వేలు అడ్డం పెడితే ఆగేది కాదు. మూడోది ఇంధనం గొట్టాలు. గ్లో విమానం నుంచి విప్పిన సిలికాన్ గొట్టం, ట్యాంకు బిరడా ఇందులో పెట్టకూడదు. ఎందుకో కింద చెప్పాం.

బంకులో దొరికే మామూలు పెట్రోలు వాడొచ్చా? అందులో ఇథనాల్ కలుపుతున్నారు కదా?

వాడొచ్చు, కానీ తెలిసి వాడాలి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. దీనివల్ల మన ఇంజనుకు మూడు ఇబ్బందులు.

ఇథనాల్ మండడానికి తక్కువ గాలి సరిపోతుంది. అదే గాలికి ఇంధనం ఎక్కువ కావాలన్నమాట. ఇథనాల్ లేని పెట్రోలుతో కుదిర్చిన కార్బురేటర్ సూదుల (ఇంధనం ఎంత పడాలో సరిచేసే స్క్రూలు) మీదే 20 శాతం మిశ్రమం పోస్తే ఇంధనం సుమారు 8 శాతం తక్కువ పడుతుంది. ఇంజను లీన్ అయి, అంటే ఇంధనం చాలక, వేడెక్కుతుంది, పిస్టన్ గీరుకుపోతుంది. పెట్రోలు మార్చినప్పుడల్లా హెచ్ సూదిని (ఫుల్ థ్రాటిల్‌లో ఇంధనం సరిచేసేది) చుట్టులో ఎనిమిదో వంతు తెరిచి, మళ్లీ మొదటి నుంచి ట్యూన్ చేయండి.

ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. అమలాపురంలోనో నరసాపురంలోనో ఆగస్టు నెలలో మూత సరిగ్గా పడని డబ్బాలో పెట్రోలు ఉంచితే అది ఊరుకోదు. నీరు హద్దు దాటగానే ఇథనాల్, నీరు కలిసి అడుగుకు దిగిపోతాయి. ట్యాంకులో క్లంక్ (ఇంధనం లాగే గొట్టం చివరి బరువు) ఉండేది కూడా అడుగునే. నూనె లేని ఆ నీటి పొరను ఇంజను లాగుతుంది, దగ్గి ఆగిపోతుంది. బేరింగులకు తుప్పు మొదలయ్యేది అక్కడే.

మూడోది, కార్బురేటర్లోని పాత రకం రబ్బరు డయాఫ్రాలు ఇథనాల్‌లో నాని, ఎండి, నాని, ఎండి, గట్టిపడి అట్టముక్కల్లా తయారవుతాయి.

కొన్ని బంకుల్లో 100 ఆక్టేన్ పెట్రోలు దొరుకుతుంది. ఈ ఇంజన్లకు అంత ఆక్టేన్ అక్కర్లేదు, దాంతో బలమూ పెరగదు. అయినా అందులో ఇథనాల్ లేకపోతే ఆ ఒక్క కారణానికే కొనడం లాభం. ఉందో లేదో అడగండి, అడిగాక పరీక్షించుకోండి. గీతలున్న గాజు జాడీలో 90 మి.లీ. పెట్రోలు, 10 మి.లీ. నీళ్లు పోసి, మూత బిగించి కలిపి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగు పొర 10 మి.లీ. దగ్గరే ఆగితే ఇథనాల్ లేదు. 25 దాటితే నిండా ఉంది.

అలా నీళ్లు పోసి ఇథనాల్ దింపేసి, పైన తేలిన పెట్రోలు వాడుకుంటే సరిపోదా?

వద్దండి. ఇథనాల్ ఉంటుందన్న లెక్కతోనే అసలు పెట్రోలును తక్కువ ఆక్టేన్‌తో తయారుచేస్తారు. ఇథనాల్ పోతే ఆక్టేనూ దిగుతుంది. పైగా తేలిన పెట్రోల్లో సన్నటి నీటి బొట్లు మిగులుతాయి. ఇంట్లో లీటర్ల కొద్దీ పెట్రోలు ఊపుతూ కూర్చోవడం అన్నిటికంటే పెద్ద ప్రమాదం. తాజా పెట్రోలు కొద్దికొద్దిగా తెచ్చుకుని, రెండు మూడు వారాల్లో అయిపోయేలా కలుపుకోండి.

టూటీ ఆయిల్ ఏది కలపాలి? ఎంత?

గాలితో చల్లబడే టూ-స్ట్రోక్ ఇంజన్ల కోసం చేసిన పూర్తి సింథటిక్ ఆయిల్ తీసుకోండి. సీసా మీద జాసో ఎఫ్‌డీ (JASO FD) అనే నాణ్యత గుర్తు ఉంటే మంచిది.

అంతర్వేది పల్లిపాలెం, కాకినాడ వైపు దుకాణాల్లో మోటారు పడవల ఆయిల్ సులువుగా దొరుకుతుంది. దాని మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉంటుంది. అది నీటితో చల్లబడే ఇంజన్లకు చేసింది. మన సిలిండర్ వేడికి ఆ ఆయిల్ పొర నిలవదు. అదీ టూటీ ఆయిలే కదా అని కొట్టువాళ్లు చెప్పినా తీసుకోకండి.

పెట్రోలు, ఆయిల్ పాళ్లు 30:1 అంటే లీటరు పెట్రోలుకు 33 మి.లీ. 40:1 అంటే 25 మి.లీ. 50:1 అంటే 20 మి.లీ. చాలా మోడల్ ఇంజన్ల కంపెనీలు 30:1 చెబుతాయి, అదే వాడండి. పొగ తగ్గుతుందని ఆయిల్ తగ్గించడం ఇక్కడ అస్సలు మంచిది కాదు, ఎందుకంటే బేరింగుల మీద తేమను అడ్డుకునేది ఆ ఆయిలే. కొలవడానికి సూది లేని 50 మి.లీ. సిరంజి వాడండి. మూతలతో కొలిస్తే రెండుసార్లు ఒకేలా రాదు. మొదట సగం పెట్రోలు, తర్వాత ఆయిల్ మొత్తం, బాగా కలిపాక మిగతా సగం. డబ్బా మీద తేదీ రాయండి.

పెట్రోలు ఎందులో తెచ్చుకోవాలి? ఇంట్లో ఎంత ఉంచుకోవచ్చు?

నీళ్ల సీసాలో పోయమని బంకులో అడగకండి, వాళ్లు పోయకూడదు. అమ్మకానికి కాకుండా సొంత వాడకానికైతే లైసెన్సు లేకుండా 30 లీటర్ల దాకా పెట్రోలు ఉంచుకోవచ్చని 1934 నాటి పెట్రోలియం చట్టం చెబుతుంది. అదీ గట్టి మూత ఉన్న పాత్రల్లోనే. లోహపు డబ్బా అయితే 25 లీటర్లు మించకూడదు, గాజు సీసా అయితే లీటరు మించకూడదు. మన పనికి అందులో ఆరో వంతు కూడా అక్కర్లేదు. 5 లీటర్ల లోహపు డబ్బా ఒకటి చాలు.

డబ్బా నింపేటప్పుడు బండి మీదో కారు డిక్కీలోనో పెట్టి నింపకండి, నేల మీద పెట్టండి. స్థిర విద్యుత్తు భూమిలోకి దిగిపోతుంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. నేల మీద పాకుతూ పల్లంలో నిలుస్తుంది. వంటింటికి ఆనుకున్న వసారాలో, ఇన్వర్టరు పక్కన, లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలు ఛార్జి పెట్టే బల్ల కింద డబ్బా ఉండకూడదు.

గొట్టాలు, ట్యాంకు ఎలా అమర్చాలి?

పెట్రోలుకు తట్టుకునే పసుప్పచ్చ టైగాన్ గొట్టం బయట, వైటాన్ గొట్టం ట్యాంకు లోపల. సిలికాన్ పెట్రోల్లో ఉబ్బి, మెత్తబడి, ఇత్తడి గొట్టం మీంచి జారిపోతుంది. ట్యాంకు బిరడా కూడా పెట్రోలు రకమే కావాలి. 30 సీసీకి 350 నుంచి 400 మి.లీ. ట్యాంకు సరిపోతుంది.

మూడు దారులు పెట్టండి. కార్బురేటర్‌కు ఒకటి, గాలికి ఒకటి, నింపడానికి ఒకటి. కార్బురేటర్ గొట్టం మధ్యలో కోసి నింపే చోటు పెడితే అక్కడ గాలి పీల్చే ప్రమాదం ఉంటుంది. క్లంక్‌కు ఫెల్ట్ ఫిల్టర్ ఉన్నది తీసుకోండి. ట్యాంకు చుట్టూ స్పాంజి పెట్టకపోతే కంపనానికి ఇంధనం నురగ కడుతుంది. ప్రతి అతుకు దగ్గరా సన్నటి తీగతో ఓ చుట్టు బిగించండి. టైగాన్ కొత్తలో మెత్తగా ఉంటుంది. ఏడాదికల్లా గట్టిపడి గోధుమ రంగుకు వస్తే మార్చేయాలి.

ఇగ్నిషన్‌కు వేరే బ్యాటరీ కావాలా?

కావాలి. విమానంలోని రేడియో రిసీవర్‌ది వేరు, ఇగ్నిషన్‌ది వేరు. రెండు సెల్లుల లైఫే (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ 6.6 వోల్టులిస్తుంది, స్పార్క్ పుట్టించే చాలా ఇగ్నిషన్ మాడ్యూళ్లకు నేరుగా సరిపోతుంది. రెండు సెల్లుల లైపో పెట్టేముందు మీ మాడ్యూల్ 8.4 వోల్టులకు తట్టుకుంటుందో లేదో దాని మీద చూడండి. తట్టుకోకపోతే రెగ్యులేటర్ పెట్టాలి.

స్విచ్చులు రెండు ఉండాలి. విమానం పక్కన చేతికందేలా ఒకటి, రేడియోతో ఆపే ఆప్టికల్ కిల్ స్విచ్చు ఇంకొకటి. సిగ్నల్ పోతే రిసీవర్ ఏంచేయాలో ఫెయిల్‌సేఫ్‌లో ముందే చెప్పి ఉంచండి. థ్రాటిల్ ఐడిల్‌కు రావాలి లేదా ఇగ్నిషన్ ఆగాలి. ఇది పెట్టామనుకుని వదిలేసేవాళ్లే ఎక్కువ. ప్రొపెల్లర్ తీసేసి, ట్రాన్స్‌మిటర్ ఆపి, సర్వో (థ్రాటిల్‌ను కదిపే చిన్న మోటారు) ఎటు కదిలిందో కళ్లారా చూడండి.

మాడ్యూల్‌కు, రిసీవర్‌కు మధ్య కనీసం 30 సెం.మీ. దూరం ఉంచండి. థ్రాటిల్ కడ్డీ ప్లాస్టిక్‌దైతే కార్బురేటర్ నుంచి వచ్చే రేడియో గోల సర్వో దాకా చేరదు. ప్లగ్గు క్యాప్ లోపలి రింగు బాగా పట్టిందో లేదో చూడండి. ప్లగ్గు విప్పి పక్కన పెట్టి, భూమి తగలకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి తిప్పితే మాడ్యూల్ కాలిపోతుంది. ప్లగ్గు గ్యాప్ 0.4 నుంచి 0.5 మి.మీ.

స్టార్టు చేసే వరుస చెప్పండి.

విమానాన్ని ముందు కట్టేయండి. తోక ముందు రెండు గూటాలు పాతి కట్టినా సరే, బలమైన మనిషి పట్టుకున్నా సరే. చుట్టూ ఉన్నవాళ్లను ప్రొపెల్లర్ వెనక్కి పంపండి. ప్రొపెల్లర్ తిరిగే గీతకు పక్కన ఎవరూ ఉండకూడదు, ముక్క విరిగితే వచ్చేది ఆ పక్కకే. చొక్కా చేతులు మడవండి, కండువా, మెడ తాడు, ట్రాన్స్‌మిటర్ పట్టీ తీసేయండి.

ఇగ్నిషన్ ఆఫ్. చోక్ మూసి, థ్రాటిల్ ఐడిల్‌కు కాస్త పైన ఉంచి, మందమైన తోలు గ్లౌజు వేసుకుని ప్రొపెల్లర్ తిప్పండి. గొట్టంలో పెట్రోలు కార్బురేటర్ దాకా రావడం కళ్లకు కనబడాలి. అయిదారు తిప్పుల్లో రాకపోతే ఎక్కడో గాలి పీలుస్తోంది, అది చూసుకోకుండా ముందుకెళ్లకండి.

"ఇగ్నిషన్ ఆన్" అని పైకి చెప్పి ఆన్ చేయండి. చోక్ మూసే ఉంచి గట్టిగా, వేగంగా తిప్పండి. ఒకటి రెండు సార్లలో టప్‌మని ఒక శబ్దం వచ్చి ఆగిపోతుంది. ఇక చోక్ తెరిచి, థ్రాటిల్ ఐడిల్‌లో ఉంచి మళ్లీ తిప్పితే అందుకుంటుంది. ఆ టప్ మాట వినబడ్డాక కూడా చోక్ మూసి తిప్పుతూ పోతే ఇంజనును పెట్రోలుతో ముంచేసినట్టే. అర నిమిషం ఐడిల్‌లో వేడెక్కనిచ్చి, విమానం వెనక్కి వచ్చాకే సూదుల జోలికి వెళ్లండి. ఐడిల్ 1,500 నుంచి 1,800 ఆర్‌పీఎం మధ్య ఉంటే బాగుంది.

మెల్లగా తిప్పితే ఇంజను వెనక్కి తంతుంది. అదే పనిగా తంతుంటే ఇగ్నిషన్ బ్యాటరీ తగ్గిందా, సెన్సర్ స్క్రూ వదులైందా చూడండి. స్పార్క్ పడాల్సింది పిస్టన్ పై అంచుకు చేరడానికి 28 నుంచి 30 డిగ్రీల ముందు.

ఇంజను మునిగిపోయింది, పెట్రోలు కారుతోంది. ఏంచేయాలి?

ఇగ్నిషన్ ఆఫ్ చేసి, బ్యాటరీ వైరు కూడా పీకేయండి. ప్లగ్గు విప్పి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, సిలిండర్ రంధ్రం మనుషుల వైపు కాకుండా చూసి పది పదిహేనుసార్లు తిప్పండి. ప్లగ్గు తుడిచి ఆరబెట్టి పెట్టండి. ప్లగ్గు బయట ఉండగా ఇగ్నిషన్ ఆన్ చేయడమంటే, ఆవిరి ఎగజిమ్ముతున్న చోట అగ్గిపుల్ల గీయడమే.

సూదులు ఎలా కుదర్చాలి?

రెండూ మెత్తగా మూసి, తలా ఒకటిన్నర చుట్లు తెరవండి. మూసేటప్పుడు బిగిస్తే సూది మొన అణిగిపోతుంది, ఆ తర్వాత ఎంత తిప్పినా ట్యూన్ కాదు.

ముందు ఎల్ సూది, అంటే తక్కువ థ్రాటిల్‌కు ఇంధనం సరిచేసేది. ఐడిల్ నుంచి థ్రాటిల్ ఒక్కసారిగా తెరవండి. శబ్దం లేకుండా చప్పున ఆగిపోతే లీన్, చుట్టులో ఎనిమిదో వంతు తెరవండి. గడగడమని పొగ కక్కి తడబడుతూ ఎక్కితే రిచ్, అంటే ఇంధనం ఎక్కువ, కాస్త మూయండి. తర్వాత హెచ్ సూది. ఫుల్ థ్రాటిల్‌లో ఎనిమిదో వంతు చొప్పున మూస్తూ పోతే ఆర్‌పీఎం ఒక చోట ఎక్కువకు చేరి, అక్కడి నుంచి తగ్గుతుంది. ఆ శిఖరానికి 150 నుంచి 200 ఆర్‌పీఎం తక్కువ వచ్చేలా రిచ్ వైపు వెనక్కి రండి. ఒకటి మారిస్తే రెండోది కదులుతుంది కాబట్టి మళ్లీ ఎల్, మళ్లీ హెచ్. చివరగా ఫుల్ థ్రాటిల్‌లో ఇద్దరు మనుషులు విమానం ముక్కు పైకెత్తి పట్టుకోవాలి. శబ్దం కుంగిపోకూడదు.

సూది తిప్పేటప్పుడు ప్రతిసారీ థ్రాటిల్ ఐడిల్‌కు తెచ్చి, ప్రొపెల్లర్ వెనక నుంచి తిప్పండి. ఫుల్ థ్రాటిల్‌లో ప్రొపెల్లర్ పక్కన చెయ్యి పెట్టి స్క్రూడ్రైవర్ తిప్పడం వద్దే వద్దు.

కొత్త ఇంజను అయితే మొదటి కొన్ని ట్యాంకులు కాస్త రిచ్‌గా నడపండి, కానీ ఒకే ఆర్‌పీఎం మీద గంటసేపు నేల మీదే ఉంచకండి. కౌల్‌లో (ఇంజను చుట్టూ ఉండే తొడుగు) గాలి ఆడకుండా వేడెక్కుతుంది. గాలిలో ఎగురుతూ, థ్రాటిల్ ఎక్కుతూ దిగుతూ ఉంటేనే రింగు బాగా కూర్చుంటుంది.

డిసెంబరులో చక్కగా నడిచింది, మేలో సతాయిస్తోంది. ఎందుకు?

పుష్యమాసం పొద్దున గాలి చల్లగా, చిక్కగా ఉంటుంది. మే మధ్యాహ్నం పల్చబడుతుంది. అదే సూది మీద మేలో ఇంజను రిచ్ అవుతుంది. డిసెంబరులో మళ్లీ లీన్ అవుతుంది, అదే ప్రమాదకరం. చలి మొదలైన తొలి పొద్దున హెచ్ సూదిని కాస్త తెరిచి మొదలుపెట్టండి.

మేలో ఇంకో సమస్య, దిగగానే మళ్లీ స్టార్టు కాకపోవడం. వేడెక్కిన కార్బురేటర్లో పెట్రోలు మరిగి ఆవిరైపోతుంది. కౌల్ తీసి పావుగంట నీడలో ఉంచితే సరిపోతుంది. ప్రతిసారీ ఇదే వరస అయితే కౌల్ చూడండి. గాలి బయటికి పోయే దారి, లోపలికి వచ్చే దారికన్నా రెండు మూడు రెట్లు పెద్దగా ఉండాలి. లోపలికొచ్చిన గాలి సిలిండర్ రెక్కల మధ్య నుంచే పోయేలా అట్టతోనో బల్సాతోనో అడ్డం కట్టాలి. మధ్యాహ్నం సముద్రపు గాలి ఊపందుకునేలోపే ఎగరేయడం పూర్తిచేసుకుంటే మీకూ ఇంజనుకూ హాయి.

చెక్క ప్రొపెల్లర్ వదులవుతోందెందుకు?

చెక్క తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుంటుంది. సార్వా రోజుల్లో బిగించిన బోల్టులు మార్చికల్లా వదులవుతాయి. ఎగరేసే ప్రతి రోజూ మొదటి పని బోల్టులు చూడటమే. ఎదురెదురు బోల్టులు జతగా, కొంచెం కొంచెంగా బిగించండి. రంధ్రాలు గైడు పెట్టి డ్రిల్లు చేయండి, కంటితో అంచనా కట్టి కాదు.

20 అంగుళాల ప్రొపెల్లర్ 7,000 ఆర్‌పీఎం మీద తిరుగుతుంటే దాని కొన సెకనుకు 186 మీటర్లు, అంటే గంటకు సుమారు 670 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అంచున గోటి మందం చిట్లు ఉన్నా పారేయండి. అతికించిన ప్రొపెల్లర్ ఇంజను మీద పెట్టకండి. పారేసేదాన్ని రెండుగా విరిచి పారేస్తే మరొకరు తీసి వాడరు.

నేల మీద బాగుంటుంది, గాలిలో ఆగిపోతుంది.

ముందు గొట్టంలో బుడగలు చూడండి. బుడగలొస్తే అతుకో, చిల్లో, నురగో కారణం. ముక్కు ఎత్తినప్పుడే ఆగితే క్లంక్ ట్యాంకు ముందుకు మడత పడి ఇరుక్కుంది. కాసేపు ఎగిరాక మెల్లగా లీన్ అయితే గాలి గొట్టం మూసుకుంది, మన దగ్గర కందిరీగలు దాంట్లో మట్టి గూడు కడతాయి. వేగంగా ఎగిరేటప్పుడే తేడా వస్తే కౌల్ లోపలి గాలి ఒత్తిడి డయాఫ్రాన్ని నొక్కుతోంది. డయాఫ్రం మూతలోని సన్నటి రంధ్రానికి చిన్న గొట్టం అతికించి, దాన్ని ఫైర్‌వాల్ (ఇంజను బిగించే పలక) వెనక్కి విమానం పొట్టలోకి పంపండి. ఐడిల్ పైకీ కిందకీ ఊగుతుంటే కార్బురేటర్‌కు, రీడ్ బ్లాకుకు (ఇంజను లోపలికి పోయే దారిలోని రేకు కవాటం) మధ్య గాలి లీకు. స్క్రూలు, గాస్కెట్లు చూడండి.

తైవాన్ స్ప్రేయర్లు బాగుచేసే మెకానిక్ దగ్గర డయాఫ్రం కిట్టు దొరుకుతుందంటున్నారు. పెట్టొచ్చా?

చాలాసార్లు పెట్టొచ్చు. చేలో మందు కొట్టే స్ప్రేయర్, గడ్డి కోసే మిషను, మన విమానం, మూడింటి కార్బురేటర్లూ ఒకే కుటుంబం. రావులపాలెం, పాలకొల్లు, భీమవరంలో స్ప్రేయర్ మెకానిక్కులకు డయాఫ్రాలతో రోజూ పనే, వాళ్ల చెయ్యి నమ్మదగినది. కానీ చూపుతో సరిపోల్చకండి. కార్బురేటర్ ఒంటి మీద చెక్కిన మోడల్ నంబరుకే కిట్టు అడగండి, ఇథనాల్‌కు తట్టుకునే రకమా అని కూడా అడగండి.

విప్పేటప్పుడు వరుస ముఖ్యం. పంపు వైపు, కార్బురేటర్ ఒంటికి ఆనేది డయాఫ్రం, దాని మీద గాస్కెట్. రెండో వైపు, అంటే మధ్యలో లోహపు బొత్తం ఉన్న డయాఫ్రం వైపు, ఒంటికి ఆనేది గాస్కెట్, దాని మీద డయాఫ్రం. ఇది తారుమారైతే ఇంజను తిక్క పట్టినట్టు నడుస్తుంది, కారణం దొరక్క సూదులు తిప్పుతూ రోజులు గడుస్తాయి. లోపలి చిన్న మీట ఎత్తు ముందే కొలిచి రాసుకుని, మళ్లీ అదే ఎత్తుకు తెండి. పంపు మూత కింద వేలి గోరంత జల్లెడ ఉంటుంది. ఇంజను ఫుల్ థ్రాటిల్ అందుకోవడం లేదంటే సగంసార్లు దొంగ అక్కడే ఉంటాడు. డయాఫ్రాలు లోపలుండగా కంప్రెసర్ గాలి కొట్టకండి, చిరిగిపోతాయి.

రొయ్యల చెరువులో పడింది. ఇంజను దక్కుతుందా?

అదే రోజు పని మొదలుపెడితే దక్కుతుంది. మర్నాటికి వదిలేస్తే చాలావరకు దక్కదు, ఆ నీటిలో ఉప్పు ఉంటుంది.

ఒడ్డుకు రాగానే బ్యాటరీలన్నీ పీకేయండి. తడిసిన లైపోను బండిలో పెట్టకండి, దూరంగా ఇసుక మీద ఉంచండి. ప్రొపెల్లర్ తిప్పి చూడాలన్న ఆత్రం ఆపుకోండి. సిలిండర్లో నీరుంటే అది నలగదు, తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్గు విప్పి, సిలిండర్ కిందికి వంచి నీరు కారనివ్వండి.

తర్వాత మంచినీటితో కడగాలి. తీరం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లూ ఉప్పగానే ఉంటాయి కాబట్టి తాగే నీళ్ల టిన్ను తెప్పించండి. ఎగ్జాస్టు లోంచి, కార్బురేటర్ విప్పి ఆ దారిలోంచి పోసి, మెల్లగా తిప్పుతూ పారబోయండి. ఉప్పు రుచి పోయేదాకా కడగాలి, 10 లీటర్లు పట్టినా పట్టనివ్వండి. ఆ నీటిని తరమడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఆ తర్వాత ఆయిల్ రెట్టింపు కలిపిన పెట్రోలు పోసి ఓ యాభైసార్లు తిప్పండి.

ఇప్పుడు వేళ్లతో వినండి. హబ్బు పట్టుకుని తిప్పుతుంటే గరగరమని తగిలితే లోపలికి ఒండ్రు చేరింది, స్టార్టు చేయకండి. మొత్తం విప్పి బేరింగులు మార్చాల్సిందే. నున్నగా తిరిగితే కార్బురేటర్ విప్పి ఆరబెట్టి, బిగించి, సాయంత్రంలోపు పది నిమిషాలు నడపండి. వేడికి మిగతా తడి ఆరిపోతుంది. ఇగ్నిషన్ మాడ్యూల్, సెన్సర్లను కూడా మంచినీటితో కడిగి, నీడలో ఫ్యాను కింద ఒక రోజు ఆరాకే వాడాలి, కాబట్టి ఆ సాయంత్రానికి వేరే మాడ్యూల్ అరువు దొరికితే అడగండి. దొరక్కపోతే ఇంజను నిండా ఆయిల్ పోసి మర్నాడు నడపండి.

దాళ్వా కోతలయ్యాక చేలో ఎగరేస్తాం. నిప్పు భయం ఉందా?

చాలా ఉంది. కాలువలు కట్టేశాక ఏప్రిల్ చివర నుంచి జూన్‌లో నీరు వదిలేదాకా చేలన్నీ మైదానాలే, మనకు అసలైన కాలం అదే. కానీ చుట్టూ ఎండు దుబ్బులు, గడ్డిమేట్లు. విమానం పడితే కాలే మఫ్లరు, చిల్లుపడ్డ ట్యాంకు, గడ్డి, మూడూ ఒక్కచోట చేరతాయి. పడబోతోందని తెలియగానే ఇగ్నిషన్ కిల్ నొక్కండి.

మంటలార్పే 2 కిలోల ఏబీసీ పొడి సిలిండర్ ఒకటి, రెండు బిందెల నీళ్లు దగ్గరుండాలి. పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే అది తేలుతూ పాకుతుంది, దానికి పొడి కొట్టాలి. గడ్డికి అంటుకున్నదానికి నీళ్లే మందు. రైతు గడ్డిమేటుకు గాలి వచ్చే వైపున పిట్స్ (విమానాలు సిద్ధం చేసుకునే చోటు) పెట్టకండి. పొలం ఎవరిదో వాళ్లను అడిగే దిగండి, పెట్రోలు తెస్తున్నామని కూడా చెప్పండి. ఆ గడ్డి వాళ్ల పశువుల ఏడాది మేత.

ఎక్కడ ఎగరకూడదు?

డ్రోన్ రూల్స్, 2021 ప్రకారం 25 కిలోలు దాటని, వినోదానికో చదువుకో కంటికి కనిపించే దూరంలో ఎగరేసేదే మోడల్. ఎగరేసే ముందు డిజిటల్ స్కై మ్యాపులో మీ ఊరు ఏ రంగులో ఉందో చూడండి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా, విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల దాకా వెళ్లొచ్చు. మధురపూడి విమానాశ్రయానికి దగ్గర్లో ఉండేవాళ్లు దీన్ని తప్పనిసరిగా చూసుకోవాలి.

కోనసీమలో గ్యాస్ బావులు, పైపులైన్లు, తాటిపాక, ఓడలరేవు వంటి చోట్ల ప్లాంట్లు ఉన్నాయి. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి ఏం జరిగిందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. వాటి పైనా పక్కనా స్పార్క్ ఇంజను ఎగరకూడదు. కోరంగి అభయారణ్యమూ వద్దు. చెరువుల గట్ల మీద ఏరేటర్లకు వెళ్లే కరెంటు తీగలు దూరానికి కనబడవు, రన్‌వే ఎంచుకునే ముందు గట్టంట నడిచి చూసిరండి. విమానం తీగల మీద పడితే గెడతో లాగకండి, 1912కు ఫోన్ చేయండి.

మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. వాడి చేతికి ఇవ్వొచ్చా?

ట్రాన్స్‌మిటర్ ఇవ్వండి. ప్రొపెల్లర్, పెట్రోలు డబ్బా పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. రెండేళ్లు ఎలక్ట్రిక్ విమానం నడిపి, పక్కన నిలబడి విమానం పట్టుకోవడం నేర్చుకున్నాక ఆలోచించండి.

ప్రొపెల్లర్ తగిలితే వెంటనే ఏంచేయాలి?

శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి, చెయ్యి గుండెకన్నా ఎత్తున ఉంచి, నొక్కడం ఆపకుండా 108కి ఫోన్ చేయించండి. పసుపు, కాఫీపొడి అద్దకండి. వేలు తెగిపడితే తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి, ఆ కవరును ఐసు మీద పెట్టి మనిషితో పాటే పంపండి. ఐసు వేలికి నేరుగా తగలకూడదు. ఒంటరిగా ఎప్పుడూ ఇంజను స్టార్టు చేయొద్దనేది ఇందుకే.

వానాకాలం మూడు నెలలు ఎగరేయం. ఎలా దాచాలి?

ట్యాంకు ఖాళీ చేసి, ఐడిల్‌లో ఇంజను తనంతట తాను ఆగేదాకా నడపండి. చోక్ మూసి మళ్లీ స్టార్టు చేసి మిగిలిన బొట్లూ అయిపోనివ్వండి. ఇగ్నిషన్ బ్యాటరీ తీసేయండి. ప్లగ్గు రంధ్రంలో, కార్బురేటర్ గొంతులో టూటీ ఆయిల్ తలా అర చెంచా వేసి పదిసార్లు తిప్పి, ప్లగ్గు బిగించండి. పిస్టన్ ఎగ్జాస్టు రంధ్రాన్ని మూసే చోట ఆపండి. కార్బురేటర్ నోటికి, మఫ్లరుకు శుభ్రమైన గుడ్డ కుక్కండి. ఎర్ర గుడ్డ అయితే తీయడం మరిచిపోరు. సిలికా జెల్ పొట్లాలతో ప్లాస్టిక్ సంచిలో కట్టి, నేల మీద కాకుండా అటక మీద పెట్టండి.

ఇంధనం తీసేస్తే డయాఫ్రం ఎండిపోతుంది కదా అని కొందరు అంటారు, నిజమే. అయినా ఇథనాల్ పెట్రోలు లోపల నిలవడం కన్నా అదే నయం. కార్తీకంలో తిరిగి తీసినప్పుడు తాజా ఇంధనం లాగించి, డయాఫ్రం నానడానికి పావుగంట ఆగి స్టార్టు చేయండి. అప్పటికీ ఐడిల్ కుదరకపోతే కొత్త కిట్టు వేయండి. ప్రొపెల్లర్ బోల్టులు, ఫైర్‌వాల్ బోల్టులు, మఫ్లరు బోల్టులు ఆ రోజే అన్నీ ఒకసారి బిగించి, గొట్టాలు వంచి పగుళ్లు చూడండి.